వీడియో రిఫరీ: స్పెక్స్ ఫ్లాగ్‌షిప్, ఎక్స్‌పీరియన్స్ మాత్రం బీటా

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఇప్పుడు ఆఫ్‌సైడ్ పట్టుకునేది ఐఫోన్లు. జోక్ కాదు, నిజమే. 2025 ఏప్రిల్ 12 నుంచి అక్కడ సెమీ ఆటోమేటెడ్ ఆఫ్‌సైడ్ సిస్టమ్ నడుస్తోంది. జీనియస్ స్పోర్ట్స్ అనే కంపెనీ తయారు చేసిన ఈ సెటప్‌లో స్టేడియం చుట్టూ పదుల సంఖ్యలో ఐఫోన్లు బిగిస్తారు. వాటి కెమెరాల నుంచి వచ్చే వీడియోతో ప్రతి ఆటగాడి శరీరానికీ ఒక త్రీడీ మోడల్ తయారవుతుంది. మనం రీల్స్ తీసుకునే ఫోనే, అక్కడ కోట్ల రూపాయల మ్యాచ్‌లో గోల్ ఉంచాలా తీసేయాలా అని లెక్క చూస్తోందన్నమాట.

గాడ్జెట్లంటే పడిచచ్చే మనలాంటి వాళ్లకి ఇది భలే అనిపిస్తుంది. కానీ ఫుట్‌బాల్ రెగ్యులర్‌గా చూసే ఫ్రెండ్‌ని ఒకసారి కదిపి చూడండి. వీఏఆర్ అనే మాట వినగానే మొహం మాడ్చుకుంటాడు. వీఏఆర్ అంటే వీడియో అసిస్టెంట్ రిఫరీ. గ్రౌండ్ బయట ఒక గదిలో కూర్చుని, స్క్రీన్ల మీద రీప్లేలు చూస్తూ మెయిన్ రిఫరీకి చెవిలో చెప్పే అంపైర్ల టీమ్. ఇన్ని కెమెరాలు, ఇంత సాఫ్ట్‌వేర్ పెట్టాక గొడవలు తగ్గాలి కదా? తగ్గలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. వీడియో రిఫరీ ఉండాలి. అందులో నాకు డౌటే లేదు. కాకపోతే ఇప్పుడు డబ్బు, బుర్ర రెండూ పోతున్నది తప్పు చోటికి. ఒక మ్యాచ్‌లో కాలి బొటనవేలు గీత దాటిందా లేదా అని సెంటీమీటర్లలో కొలుస్తున్నారు. ఇంకో మ్యాచ్‌లో ఏకంగా బంతే గీత దాటి బయటికి పోతే చూసే దిక్కు లేదు. ఆ రెండో మ్యాచ్ మన ఇండియాదే. దాని దగ్గరికి వస్తా. ముందు ఈ టెక్నాలజీ ఎలా వచ్చింది, ఎక్కడ బాగా పని చేసింది, ఎక్కడ బెడిసికొట్టింది చూద్దాం.

అసలు దీని అవసరం ఎందుకొచ్చింది

2009 నవంబర్ 18. ప్రపంచ కప్‌కి వెళ్లేది ఫ్రాన్సా, ఐర్లాండా అని తేల్చే మ్యాచ్. ఫ్రాన్స్ ఆటగాడు థియెరీ ఆన్రీ బంతిని చేత్తో ఆపి పాస్ ఇచ్చాడు, విలియం గలాస్ గోల్ కొట్టాడు. టీవీ చూస్తున్న ప్రతి ఒక్కరికీ అది కనపడింది. రిఫరీకి కనపడలేదు. ఐర్లాండ్ ఇంటికి, ఫ్రాన్స్ దక్షిణాఫ్రికాకి.

ఆ దక్షిణాఫ్రికాలోనే, 2010 జూన్ 27న, ఇంగ్లండ్ జర్మనీ మీద 2-1తో వెనకపడి ఉంది. ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన షాట్ క్రాస్‌బార్‌కి తగిలి, గోల్‌లైన్ లోపల పడి, బయటికి వచ్చింది. బంతి లోపల పడింది అనడానికి స్లో మోషన్ కూడా అక్కర్లేదు, అంత క్లియర్. గోల్ ఇవ్వలేదు. చివరికి జర్మనీ 4-1తో గెలిచింది. అదే రోజు ఇంకో మ్యాచ్‌లో అర్జెంటీనా ఆటగాడు కార్లోస్ టెవెజ్ మెక్సికో మీద కొట్టిన గోల్ పచ్చి ఆఫ్‌సైడ్. దాని రీప్లే స్టేడియంలో పెద్ద స్క్రీన్ మీద పడింది కూడా. మెక్సికో ఆటగాళ్లు స్క్రీన్ చూపించి మొత్తుకున్నారు. రూల్ ప్రకారం రిఫరీ దాన్ని పట్టించుకోకూడదు. గోల్ ఉండిపోయింది.

ఈ సీన్ గుర్తుపెట్టుకోండి. స్టేడియంలో అందరి దగ్గరా సమాచారం ఉంది, నిర్ణయం తీసుకోవాల్సిన మనిషి దగ్గర మాత్రం లేదు. నా దృష్టిలో వీడియో రిఫరీ రావడానికి ఒకే ఒక్క సరైన కారణం ఇదే. మిగతావన్నీ తర్వాత అంటించుకున్న ఫీచర్లు.

గోల్‌లైన్ టెక్నాలజీ: ఒక్క పని, పర్ఫెక్ట్‌గా

ఆ దెబ్బతో ఫుట్‌బాల్ రూల్స్ చూసే సంస్థ ఐఎఫ్‌ఏబీ 2012 జూలైలో గోల్‌లైన్ టెక్నాలజీకి ఓకే చెప్పింది. 2014 బ్రెజిల్ ప్రపంచ కప్‌లో 14 కెమెరాలు పెట్టారు, ఒక్కో గోల్‌కి 7. ఫ్రాన్స్, హోండురాస్ మ్యాచ్‌లో కరీమ్ బెంజెమా కొట్టిన బంతి పోస్ట్‌కి తగిలి, గోల్‌కీపర్‌కి తగిలి, గీత దాటింది. ప్రపంచ కప్‌లో ఈ టెక్నాలజీతో తేలిన మొదటి గోల్ అదే.

ఇది ఎలా పని చేస్తుందంటే, బంతి మొత్తం గీత దాటితే ఒక్క సెకనులోపు రిఫరీ చేతి వాచీకి సిగ్నల్ వస్తుంది. అంతే. ఆట ఆగదు, ఎవరూ స్క్రీన్ దగ్గరికి పరిగెత్తరు, ఎవరూ ఎవరితోనూ వాదించరు. దీన్ని తిట్టే ఫ్యాన్ నాకింతవరకు తగల్లేదు.

అలాగని దీనికి తిరుగే లేదని కాదు. 2020 జూన్ 17న ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్‌లో విల్లా గోల్‌కీపర్ బంతిని పట్టుకుని గీత దాటి లోపలికి వెళ్లాడు. వాచీ మోగలేదు. సిస్టమ్ నడిపే హాక్‌ఐ కంపెనీ తర్వాత క్షమాపణ చెప్పింది. గోల్‌కీపర్, డిఫెండర్, గోల్‌పోస్ట్ కలిసి ఏడు కెమెరాలకీ అడ్డం వచ్చాయని, 9,000కి పైగా మ్యాచ్‌లలో ఇలా జరగడం ఇదే మొదటిసారని చెప్పింది. మ్యాచ్ 0-0తో అయిపోయింది. ఆ సీజన్లో విల్లా ఒకే ఒక్క పాయింట్ తేడాతో కింది లీగ్‌కి పడిపోకుండా బయటపడింది. అయినా దీన్ని తీసేయండి అని ఎవరూ ఉద్యమం చేయలేదు. ఎందుకంటే ప్రశ్న సింపుల్‌గా ఉంది, జవాబు వెంటనే వస్తోంది. వేలల్లో ఒకసారి ఫెయిలైతే జనం సర్దుకుంటారు.

వీఏఆర్ కథ వేరు. 2018 మార్చిలో దీన్ని అధికారికంగా రూల్స్‌లో చేర్చారు. గోల్, పెనాల్టీ, డైరెక్ట్ రెడ్ కార్డ్, ఒకరి బదులు ఇంకొకరికి కార్డ్ ఇవ్వడం, ఈ నాలుగు విషయాల్లోనే జోక్యం చేసుకోవాలని అప్పట్లో రూల్ పెట్టారు. అది కూడా స్పష్టంగా కనిపించే పెద్ద తప్పు అయితేనే. కాగితం మీద చక్కగా ఉంది. కానీ ఆ ఏడాది ప్రపంచ కప్ ఫైనల్లోనే ఏమైందో చూడండి. ఫ్రాన్స్, క్రొయేషియా 1-1తో ఉన్నప్పుడు ఇవాన్ పెరిసిచ్ చేతికి బంతి తగిలింది. రిఫరీ స్క్రీన్ దగ్గరికి వెళ్లి, చూసి, వెనక్కి తిరిగి, మళ్లీ ఇంకోసారి చూసి పెనాల్టీ ఇచ్చాడు. బంతి తగిలింది అని కెమెరా చెప్పగలదు. కావాలని తగిలించాడా, చెయ్యి అక్కడ ఉండటం సహజమేనా అన్నది కెమెరా చెప్పలేదు. ఎన్ని మెగాపిక్సెల్స్ పెంచినా చెప్పలేదు. ఆ పెనాల్టీ మీద ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు.

ఫ్రేమ్ రేట్ లెక్క ఒకసారి వేద్దాం

ఆఫ్‌సైడ్‌లో అయితే అభిప్రాయం ఉండదు, అంతా కొలతే కదా అంటారు. అక్కడికే వద్దాం. ఫుట్‌బాల్ ఫాలో కానివాళ్ల కోసం సింపుల్‌గా: తన టీమ్‌ ఆటగాడు బంతి పాస్ చేసిన క్షణంలో, అటాకర్ శరీరంలో గోల్ కొట్టగలిగే ఏ భాగమైనా బంతికన్నా ముందుకి, ఎదుటి టీమ్‌లో చివరి నుంచి రెండో ఆటగాడికన్నా ముందుకి ఉంటే ఆఫ్‌సైడ్. చేతులు లెక్కలోకి రావు. ఇక్కడ కీలకం "పాస్ చేసిన క్షణం".

మామూలు బ్రాడ్‌కాస్ట్ కెమెరా సెకనుకి 50 ఫ్రేములు తీస్తుంది. అంటే రెండు ఫ్రేముల మధ్య 20 మిల్లీసెకన్లు. గట్టిగా పరిగెత్తే ఆటగాడి వేగం సెకనుకి 8 మీటర్లు అనుకోండి. ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి వాడు 16 సెంటీమీటర్లు జరుగుతాడు. డిఫెండర్ ఎదురు దిశలో వస్తుంటే తేడా ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు చెప్పండి, కాలు బంతికి తగిలిన క్షణం ఏ ఫ్రేమ్‌లో ఉందో ఆపరేటర్ కంటితో చూసి ఎంచుకుని, ఆ మీదట గీతలు గీసి, రెండు సెంటీమీటర్ల తేడాతో గోల్ తీసేస్తే దాన్ని కొలత అనాలా, అదృష్టం అనాలా? ప్రీమియర్ లీగ్‌లో వీఏఆర్ వచ్చిన 2019-20 సీజన్‌లో జరిగింది ఇదే. చంక దగ్గర, భుజం దగ్గర, వేలి చివర గోల్స్ ఎగిరిపోయాయి. 2021-22 నుంచి గీతలు మందంగా గీసి, డౌట్ ఉంటే అటాకర్‌కి లాభం ఇవ్వడం మొదలుపెట్టారు.

2022 ఖతార్ ప్రపంచ కప్‌లో హార్డ్‌వేర్ నెక్స్ట్ లెవల్‌కి వెళ్లింది. స్టేడియం పైకప్పు కింద 12 ట్రాకింగ్ కెమెరాలు, ఒక్కో ఆటగాడి శరీరం మీద 29 పాయింట్లు, సెకనుకి 50 సార్లు. దాంతో పాటు బంతి లోపల మోషన్ సెన్సార్, అది సెకనుకి 500 సార్లు డేటా పంపుతుంది. అంటే కాలు తగిలిన క్షణం 20 కాదు, 2 మిల్లీసెకన్లలోపు దొరుకుతుంది. మన 16 సెంటీమీటర్ల లెక్కలో బంతి వైపు అంచనా తప్పు ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా తగ్గిపోయింది. ఇంజినీరింగ్ పరంగా దీనికి నేను సెల్యూట్ చేస్తా.

కానీ 2024 యూరో కప్‌లో డెన్మార్క్ పరిస్థితి చూడండి. జూన్ 29న జర్మనీ మీద యోకిమ్ ఆండర్సన్ గోల్ కొట్టాడు. వేరే ఆటగాడి కాలి వేలు ఆఫ్‌సైడ్ అని తేలి గోల్ పోయింది. కొద్ది నిమిషాలకే అదే ఆండర్సన్ చేతికి బంతి రాసుకుంది అని బంతిలోని సెన్సార్ గ్రాఫ్‌లో చూపించి జర్మనీకి పెనాల్టీ ఇచ్చారు. జర్మనీ 2-0తో గెలిచింది. మ్యాచ్ తర్వాత డెన్మార్క్ కోచ్ కాస్పర్ హ్యుల్మాండ్ ప్రెస్‌మీట్‌లో తన ఫోన్ తీసి ఆ ఆఫ్‌సైడ్ ఫోటో చూపించాడు. సెంటీమీటర్ తేడాకి ఆట ఇలా మారిపోవాలా అన్నది ఆయన బాధ. రూల్ బుక్ ప్రకారం రెండు నిర్ణయాలూ కరెక్టే కావచ్చు. కానీ ఆఫ్‌సైడ్ రూల్ పుట్టింది గోల్ దగ్గర కాపు కాసే అటాకర్‌ని ఆపడానికి. వేలు ముందుకి ఉన్నవాడికి దాని వల్ల వచ్చిన లాభం ఏముంది? గోరంత ఆఫ్‌సైడ్‌కి కొండంత శిక్ష.

ఇక్కడ మనకి బాగా తెలిసిన క్రికెట్ నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. డీఆర్‌ఎస్‌లో "అంపైర్స్ కాల్" అని ఉంటుంది కదా. బంతి వికెట్లకి అరకొరగా తగిలేలా ఉంటే, సాఫ్ట్‌వేర్ అంచనాలో కొంత తేడా ఉండొచ్చని ఒప్పుకుని, గ్రౌండ్‌లో అంపైర్ ఇచ్చిన నిర్ణయాన్నే ఉంచుతారు. మనం దాన్నీ తిట్టుకుంటాం, అది వేరే సంగతి. కానీ ఒక కొలత పరికరం తన హద్దు ఎక్కడో తనే చెప్పడం నిజాయతీ అంటే. ఫుట్‌బాల్ ఆఫ్‌సైడ్ యానిమేషన్‌లో అలాంటిది ఏదీ కనపడదు. నున్నటి త్రీడీ బొమ్మ, ఒక గోడలాంటి గీత, బయటికి పొడుచుకొచ్చిన వేలు. గ్రాఫిక్స్ అందంగా ఉంటే కొలత కూడా అంతే కచ్చితం అని మన కళ్లు నమ్మేస్తాయి.

ఆర్సీన్ వెంగర్ ప్రతిపాదన ఒకటి తిరుగుతోంది. అటాకర్ శరీరం మొత్తం డిఫెండర్‌ని దాటి, మధ్యలో ఖాళీ కనిపిస్తేనే ఆఫ్‌సైడ్ ఇవ్వాలని. అటాకింగ్ ఆటకి అది మంచిదే. కానీ కొలత గొడవ తీరదు, గీత ఇక్కడి నుంచి అక్కడికి జరుగుతుందంతే. అప్పుడు మడమ దగ్గర మిల్లీమీటర్లు లెక్కపెట్టుకుంటాం.

బగ్ హార్డ్‌వేర్‌లో కాదు, యూఐలో

2023 సెప్టెంబర్ 30, టోటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్. లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. గ్రౌండ్‌లో అసిస్టెంట్ రిఫరీ ఆఫ్‌సైడ్ అని జెండా ఎత్తాడు. గదిలో వీఏఆర్ టీమ్ చెక్ చేసింది, ఆఫ్‌సైడ్ కాదని వాళ్లకి అర్థమైంది. అంటే టెక్నాలజీ తన పని తాను చేసింది. అయితే గదిలో ఉన్న వీఏఆర్, గ్రౌండ్‌లో గోల్ ఇచ్చేశారనే భ్రమలో ఉన్నాడు. అందుకే "చెక్ కంప్లీట్" అన్నాడు. గ్రౌండ్‌లో రిఫరీకి దాని అర్థం: నీ నిర్ణయం కరెక్టే, కానివ్వు. ఆఫ్‌సైడ్ ఫ్రీకిక్‌తో ఆట మొదలైపోయింది. కొన్ని సెకన్లకే గదిలో వాళ్లకి తప్పు తెలిసింది. కానీ ఆట మొదలయ్యాక వెనక్కి వెళ్లకూడదన్నది రూల్. లివర్‌పూల్ 2-1తో ఓడిపోయింది. తర్వాత ఆ ఆడియో విడుదల చేశారు, మానవ తప్పిదమని రిఫరీల సంస్థ ఒప్పుకుంది.

యాప్ డిజైన్ తెలిసిన ఎవరికైనా ఇది చూడగానే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. మనం ఫోన్‌లో ఒక ఫోటో డిలీట్ చేస్తేనే "ఈ ఫోటో డిలీట్ చేయాలా?" అని అడుగుతుంది. యూపీఐలో పది రూపాయలు పంపినా అవతలి వాడి పేరు చూపించాకే పిన్ అడుగుతుంది. ఇక్కడ అంత పెద్ద నిర్ణయానికి "కంప్లీట్" అన్న ఒక్క మాటే. దేనికి కంప్లీట్? గోలా, కాదా? ఆ తర్వాత ఫలితాన్ని పూర్తిగా పైకి చెప్పి నిర్ధారించుకోవాలని పద్ధతి మార్చారు. మొదటి వెర్షన్‌లోనే ఉండాల్సిన ఫీచర్ అది.

వేగం సంగతీ అంతే. కొత్త సిస్టమ్ వల్ల ఆఫ్‌సైడ్ చెక్ సగటున అర నిమిషం దాకా తగ్గుతుందని ప్రీమియర్ లీగ్ చెప్పింది. మంచిదే. కానీ 2025 మార్చి 1న బోర్న్‌మత్, వోల్వ్స్ ఎఫ్‌ఏ కప్ మ్యాచ్‌లో ఒకే ఒక్క చెక్‌కి 8 నిమిషాలు పట్టింది. సెమీ ఆటోమేటెడ్ సిస్టమ్ ఉంది కూడా. కాకపోతే గోల్ ముందు ఆటగాళ్లు గుంపుగా ఉండటంతో అది చేతులెత్తేసింది, మళ్లీ చేత్తో గీతలు గీయాల్సి వచ్చింది. డెమోలో అదరగొట్టి, మన చేతికి వచ్చాక అసలు అవసరమైనప్పుడు హ్యాంగ్ అయ్యే ఫోన్లు మనం ఎన్ని చూడలేదు?

వద్దంటున్న వాళ్ల మాటా వినాలి

వీఏఆర్ వద్దనే వాళ్లంతా టెక్నాలజీ తెలియని పాతకాలం మనుషులు అనుకుంటే పొరపాటే. స్వీడన్‌లో క్లబ్బుల మీద మెజారిటీ హక్కు సభ్యులైన అభిమానులదే. వాళ్ల ఒత్తిడితో 2024లో ఆ దేశ ఫుట్‌బాల్ సంఘం వీఏఆర్ తీసుకురాకూడదని నిర్ణయించింది. నార్వేలో 2023లో తెచ్చారు. అభిమానులు ఎంత విసిగిపోయారంటే 2024 జూలైలో రోసెన్‌బోర్గ్, లిల్లెస్ట్రోమ్ మ్యాచ్‌లో ఫిష్ కేకులు, టెన్నిస్ బంతులు గ్రౌండ్‌లోకి విసిరి మ్యాచ్ ఆపించేశారు. 2025 మార్చిలో అక్కడి సంఘం ఓటింగ్ పెట్టి వీఏఆర్‌ని ఉంచడానికే మొగ్గు చూపింది. ఇంగ్లండ్‌లో వోల్వ్స్ క్లబ్ దీన్ని తీసేయాలని ప్రతిపాదించింది. 2024 జూన్‌లో 20 క్లబ్బులు ఓటేస్తే 19 ఉంచాలన్నాయి, ఒక్క వోల్వ్స్ మాత్రమే వద్దంది.

క్లబ్బుల దగ్గర ఒక అంకె ఉంది. వీఏఆర్‌కి ముందు కీలక నిర్ణయాల్లో 82 శాతం సరైనవి ఉండేవని, ఇప్పుడు 96 శాతం అని ప్రీమియర్ లీగ్ చెబుతుంది. స్పెక్స్ షీట్ మీద ఇది భారీ జంప్. అభిమానుల దగ్గర అంకె లేదు, ఒక ఫీలింగ్ ఉంది. గోల్ పడగానే ఎగిరి గంతేయాలా, లేక ఆగాలా అన్న సందేహం. ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ. 90 నిమిషాలు ఎదురుచూస్తే ఒకటో రెండో. క్రికెట్‌లో అయితే బంతికీ బంతికీ మధ్య ఎలాగూ గ్యాప్ ఉంటుంది, రివ్యూ అందులో ఇమిడిపోతుంది. పైగా థర్డ్ అంపైర్ ఏం చూస్తున్నాడో, ఏం అంటున్నాడో మనకి టీవీలో వినిపిస్తుంది. ఫుట్‌బాల్‌లో స్టేడియంలో కూర్చున్నవాడికి చాలాకాలం స్క్రీన్ మీద ఒక లైన్ టెక్స్ట్ తప్ప ఏమీ లేదు. టికెట్ కొన్నవాడికన్నా ఇంట్లో సోఫాలో ఉన్నవాడికే ఎక్కువ తెలుస్తుంది. రిఫరీ మైక్‌లో నిర్ణయం ప్రకటించడం 2023 మహిళల ప్రపంచ కప్‌లో చేశారు, ఇంగ్లండ్‌కి అది 2025లో గానీ రాలేదు. రిఫరీకీ, గదికీ మధ్య సంభాషణ లైవ్‌లో వినిపించడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

కాబట్టి అభిమానుల కోపం న్యాయమైనదే. కానీ తీసేయడం జవాబు కాదు. తీసేస్తే ఏమవుతుందో మనకి కళ్లారా తెలుసు.

అదే ఖతార్, రెండు మ్యాచ్‌లు

2022 డిసెంబర్ 1, ఖతార్, ప్రపంచ కప్. స్పెయిన్ మీద జపాన్ ఆటగాడు కావోరు మితోమా గోల్‌లైన్ దగ్గర బంతిని అందుకుని వెనక్కి తోశాడు, అవో తనాకా గోల్ చేశాడు. ముందు గోల్ ఇవ్వలేదు. మామూలు కెమెరాలో చూస్తే బంతి బయటికి పోయినట్టే ఉంది. వీఏఆర్ చెక్ చేస్తే, బంతి అంచు మిల్లీమీటర్ల తేడాతో ఇంకా గీత మీదే ఉందని తేలింది. గోల్ ఇచ్చారు. జపాన్ 2-1తో గెలిచింది, ఆ ఫలితంతో జర్మనీ టోర్నీ నుంచి బయటికి పోయింది.

2024 జూన్ 11, అదే ఖతార్, ప్రపంచ కప్ క్వాలిఫయర్. ఇండియా, ఖతార్. 37వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్టే గోల్‌తో మనం 1-0 ముందున్నాం. గెలిస్తే మన ఫుట్‌బాల్ చరిత్రలో తొలిసారి క్వాలిఫయర్స్ మూడో రౌండ్. 73వ నిమిషంలో హెడర్‌ని గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఆపాడు. బంతి గోల్‌లైన్ పక్క నుంచి బయటికి దొర్లిపోయింది. ఖతార్ ఆటగాడు దాన్ని కాలితో లోపలికి లాగాడు, యూసుఫ్ అయ్మెన్ గోల్‌లోకి కొట్టాడు. మనోళ్లు ఆట ఆగిపోయిందనుకుని నిలబడిపోయారు. రిఫరీ గోల్ ఇచ్చాడు. ఆ రౌండ్‌లో వీఏఆర్ లేదు. 85వ నిమిషంలో ఇంకోటి పడింది, 2-1తో ఓడిపోయాం, క్వాలిఫయర్స్ నుంచి అవుట్. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య విచారణ కోరుతూ ఫిర్యాదు చేసింది. ఫలితం మారలేదు.

ఆ గోల్ లేకపోతే మనమే గెలిచేవాళ్లమని చెప్పలేం. ఇంకా చాలా ఆట ఉంది. కానీ నా బాధ స్కోర్ గురించి కాదు. ఏడాదిన్నర తేడాతో ఒకే దేశంలో, ఒకే రకం ప్రశ్న: బంతి గీత దాటిందా? ఒకరికి మిల్లీమీటర్లలో జవాబు దొరికింది. ఇంకొకరికి టీవీలో ప్రపంచమంతా చూసిన రీప్లే కూడా దొరకలేదు. బంతిలో చిప్ అక్కర్లేదు, 29 పాయింట్లు అక్కర్లేదు. బ్రాడ్‌కాస్ట్ ఫీడ్ ఉంది. రిఫరీ పక్కన ఒక స్క్రీన్ చాలు. 2010లో మెక్సికో ఆటగాళ్లు స్క్రీన్ చూపించి మొత్తుకున్నారని చెప్పాను కదా. 14 ఏళ్ల తర్వాత మనది అదే గతి.

మన దేశంలోనూ సేమ్ కథ. 2014లో మొదలైన ఐఎస్‌ఎల్ పది సీజన్లకి పైగా వీఏఆర్ లేకుండానే నడిచింది. హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలిలో ఆడిన మ్యాచ్‌లన్నీ అంతే. 2023 మార్చి 3న బెంగళూరు మ్యాచ్‌లో సునీల్ ఛెత్రి ఫ్రీకిక్ గోల్ మీద గొడవై, కేరళ బ్లాస్టర్స్ టీమ్ మొత్తం గ్రౌండ్ వదిలి వెళ్లిపోయింది. క్లబ్‌కి 4 కోట్ల రూపాయల ఫైన్ పడింది. అలా వెళ్లిపోవడాన్ని నేను సమర్థించను. కానీ ఆగి, చూసి, తేల్చే దారి అంటూ ఒకటి ఉంటే ఆ గొడవ అక్కడే చల్లారేదేమో.

మనకి కావాల్సింది లైట్ వెర్షన్

ఇందుకు ఒక దారి ఆల్రెడీ ఉంది. ఫిఫా తయారు చేసిన ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్. 2024లో కొలంబియాలో జరిగిన అండర్-20 మహిళల ప్రపంచ కప్‌లో దీన్ని వాడి చూశారు. ఇందులో ప్రత్యేక వీఏఆర్ గది ఉండదు. ఒక్కో కోచ్‌కి మ్యాచ్‌కి రెండు ఛాలెంజ్‌లు. డౌట్ వస్తే అడగొచ్చు, రిఫరీ తనే సైడ్‌లైన్ దగ్గర స్క్రీన్‌లో చూసి తేలుస్తాడు. నెగ్గితే ఛాలెంజ్ మిగులుతుంది, లేకపోతే పోతుంది. ఉన్న కెమెరాలతోనే సర్దుకోవచ్చు. మన డీఆర్‌ఎస్‌కి దగ్గరి చుట్టమన్నమాట.

దీనికి హద్దులున్నాయి. తక్కువ కెమెరాలు ఉంటే కొన్ని కోణాలు దొరకవు. గోరంత ఆఫ్‌సైడ్‌లు ఇది తేల్చలేదు. నన్నడిగితే అదే దీని బెస్ట్ ఫీచర్. కంటికి కనిపించే తప్పుల్ని పట్టుకుంటుంది, కనిపించని వాటిని వదిలేస్తుంది. ఛాలెంజ్‌లు రెండే కాబట్టి కోచ్ కూడా ఆచితూచి అడుగుతాడు, ప్రతి గోల్‌కీ ఆట ఆగదు. దోహాలో ఆ రాత్రి ఇది ఉండుంటే మన కోచ్ అడిగేవాడు, రిఫరీ రీప్లే చూసేవాడు, ఒక నిమిషంలో అయిపోయేది.

పెద్ద లీగ్‌ల వీఏఆర్‌కి అయితే నేను అడిగే అప్‌డేట్లు మూడే. రిఫరీ స్క్రీన్ చూడటం మొదలుపెట్టాక నిర్ణీత టైమ్‌లో తప్పు కనిపించకపోతే గ్రౌండ్‌లో ఇచ్చిన నిర్ణయం ఉంచేయాలి. తప్పు స్పష్టంగా ఉంటే ఎనిమిది నిమిషాలు ఎందుకు పడుతుంది? రెండోది, ఆఫ్‌సైడ్ కొలతకి ఎంత తేడా రావచ్చో ప్రకటించి, ఆ లోపల ఉన్నవన్నీ అటాకర్‌కి వదిలేయాలి. మూడోది, ఆడియో ఓపెన్ చేయాలి. తప్పు చేసినా ఎలా చేశారో వినపడితే జనం సగం క్షమిస్తారు. లోపల ఏం జరిగిందో తెలియకపోతేనే కుట్ర కథలు పుడతాయి.

మనం ఫోన్ రివ్యూ చేసేటప్పుడు ఒక మాట ఎప్పుడూ అనుకుంటాం. లక్షన్నర ఫోన్‌లో కెమెరా జూమ్ ఇంకొంచెం పెరిగితే బాగానే ఉంటుంది, కానీ దేశాన్ని మార్చింది మాత్రం పది వేల ఫోన్, చవక డేటా. ఫుట్‌బాల్‌కీ ఇప్పుడు అలాంటి పది వేల ఫోన్ కావాలి. ప్రీమియర్ లీగ్ తన ఐఫోన్లతో వేలి గోళ్లు కొలుచుకోనివ్వండి. ప్రపంచ కప్ క్వాలిఫయర్ ఆడే ప్రతి టీమ్‌కి, ఐఎస్‌ఎల్‌కి, ఐలీగ్‌కి మాత్రం సైడ్‌లైన్ దగ్గర ఒక స్క్రీన్, కోచ్ చేతిలో రెండు ఛాలెంజ్‌లు ఉండాలి. స్టేడియంలో బంతి బయటికి పోయిందని తెలియని ఒకే ఒక్క మనిషి రిఫరీ కాకూడదు.